కొలిమికి, చేనుకు నడుమ

చింతగింజలు వేయించుకోవడానికి పెద్దులు తాత కొలిమికి మించిన జాగా మా ఊళ్లో లేదు. బడి విడిచాక నేనూ మల్లికా చున్నీ కొంగుల్లో గింజలు మూటగట్టుకుని పోయేవాళ్లం. తాత పట్టకారుతో నిప్పుల అంచున చిన్న గుంట చేసి, అందులో గింజలు పోయమనేవాడు. అవి పగిలి చిటపటమంటుంటే పొట్టు ఎగిరి తాత మీసాల మీద పడేది. తుడుచుకునేవాడు కాదు. "ఉండనియ్యి, ఆకలైతే తింట" అనేవాడు.

మల్లిక ఆయన మనవరాలు. నాకు ఆయన వరసకు ఏమీ కాడు. మా ఇల్లు ఊరి చివర, చేన్లకు పోయే తొవ్వ మీద ఉండేది. కొలిమి నుంచి చూస్తే మా దుకాణం రేకులు కనబడేవి. మా అమ్మ, బాపు నార్కట్‌పల్లి దగ్గర రోడ్డు మీది హోటల్లో వంట పనికి పోయినప్పటి నుంచి నేను అవ్వ దగ్గరే ఉండి చదువుకున్నాను. అవ్వ పేరు సుక్కమ్మ. ఆమె దుకాణంలో సబ్బులు, అగ్గిపెట్టెలు, పల్లీల పొట్లాలు, కూల్ డ్రింకులు ముందు వైపు ఉండేవి. వెనక, బియ్యం గోలెం పక్కన, గోనెసంచి కింద క్వార్టర్ సీసాలు ఉండేవి. మండలంలోని వైన్స్ నుంచి ఆటోలో వచ్చేవి. అందరూ దాన్ని సుక్కమ్మ బెల్టు షాపు అనేవాళ్లు. అవ్వ మాత్రం దుకాణం అనే అనేది.

నాకు మాటలు తక్కువ. ఎవరైనా వచ్చి ఫలానాది కావాలంటే తీసి ఇచ్చేదాన్ని, అంతే. మా తెలుగు సారు ఏడో తరగతిలో అందరికీ ఒక్కొక్క నోటుపుస్తకం ఇచ్చి రోజూ నాలుగు వాక్యాలు రాయమన్నాడు. మిగతావాళ్లు వారంలో మానేశారు. నేను మానలేదు. నోటితో చెప్పలేనివన్నీ అందులో పోయేవి. అప్పటికి మా మండలాన్ని మహబూబ్‌నగర్ జిల్లా నుంచి విడగొట్టి రెండేళ్లయినా, అలవాటు పోక పుస్తకం అట్ట మీద పాత జిల్లా పేరే రాసుకున్నాను.

మాది అమ్రాబాద్ అడవి అంచు. పల్లికాయ ఊరే రోజులు వచ్చాయంటే పందులు మందలుగా దిగేవి. మక్క కంకి పాలు పోసుకుంటే ఇక చెప్పనక్కర లేదు. రాత్రికి రాత్రి అరెకరం దున్నినట్టు చేసి పోయేవి. చీరలు కట్టి చూశారు, డబ్బాలు మోగించి చూశారు. పందులు రెండు రోజులు బెదిరి మూడో రోజు వచ్చేవి. అందుకని కొంతమంది పెద్దులు తాత దగ్గర నాటు తుపాకులు కొనుక్కునేవాళ్లు. ఆయన తండ్రి చేసేవాడట, ఆయనా చేసేవాడు. కాగితాలు, లైసెన్సు అనే మాటలు ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. తప్పని అందరికీ తెలుసు, తాతకూ తెలుసు. అడవి సార్లు వచ్చినప్పుడు అవి గడ్డివాముల్లోకి పోయేవి.

కానీ తాతకు ఒక పద్ధతి ఉండేది. తుపాకి కోసం వచ్చినవాడిని ముందు తిత్తి దగ్గర కూర్చోబెట్టేవాడు. చేతితో తిప్పే పంకాలు వచ్చినా తాత తోలు తిత్తినే ఉంచుకున్నాడు. నాగలి కర్రు ఒకటి నిప్పుల్లో పెట్టి, అది ఎర్రబడేదాకా ఊదమనేవాడు. తాగి వచ్చినవాడికి ఆ వేడికి చెమటలోంచి, ఊపిరిలోంచి వాసన బయటపడేది. దమ్ము కూడా ఆగేది కాదు. తాత ఏమీ తిట్టేవాడు కాదు. "రేపు రా" అనేవాడు. ఎంత పెద్ద రైతైనా, ఎంత దగ్గరి చుట్టమైనా తిత్తి ఊదాల్సిందే. ఒకసారి మా సర్పంచు ఐలేశం బావమరిదిని కూడా వెనక్కి పంపించాడు. ఆయన కోపంగా పోతుంటే నేనూ మల్లికా నోరు మూసుకుని నవ్వాం.

తుపాకుల సంగతి నాకు అప్పట్లో భయం కలిగించలేదు. ఆ కర్రు నల్లనిదల్లా ముదురు ఎరుపై, మెల్లగా దానిమ్మ పువ్వు రంగుకు తిరగడం చూడటమే ఇష్టంగా ఉండేది.

ఎనిమిదో తరగతిలో, దసరా పోయిన తర్వాత, ఒక రోజు అవ్వ కంటి దవాఖానకు అచ్చంపేట పోయింది. బడి నుంచి వచ్చి నేనే దుకాణంలో కూర్చున్నాను. నోటుపుస్తకం కూల్ డ్రింకుల డబ్బా మూత మీద పెట్టుకుని రాసుకుంటున్నాను. పొద్దు ఇంకా బాగానే ఉంది. పర్వతాలు మామ వచ్చాడు. మా వాడకట్టువాడే, మామ అని పిలుస్తాం. ఏ పెండ్లిలోనైనా అందరికంటే ముందు వడ్డించడానికి నిలబడేవాడు. భుజాన గోనెసంచి చుట్టిన పొడుగాటి వస్తువు ఉంది. దాన్ని గోడకు ఆనించాడు. సంచిలోంచి ఇనుప గొట్టం కొన కనబడింది.

"అవ్వ లేదానే?"

తల అడ్డంగా ఊపాను.

"నీ నోట్ల బెల్లం పెట్టుకున్నవా ఏంది, కరిగిపోతదని తెరుస్తలేవు" అని నవ్వి, నా ముందుకు వంగి డబ్బా మూత మీద చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి సగం నా నోటుపుస్తకం మీద పడింది. తీసేసరికి కాగితం మీద నాలుగు వేళ్లు నల్లగా పడ్డాయి. తిత్తి ఊది వచ్చిన చేతులు అలాగే ఉంటాయి. ఆయన నోట్లో వాసన లేదు. అంత దగ్గరగా వంగాడు కాబట్టి నాకు తెలుసు.

ఒక క్వార్టర్ అడిగాడు. తీసి ఇచ్చాను. పల్లీల పొట్లం ఇచ్చాను. అరుగు మీద కూర్చుని తాగాడు. పందుల మీద, పెండ్లాం మీద, కరెంటు మీద ఏవో జోకులు వేశాడు. ఇంకొకటి అడిగాడు. అది కూడా తీసి ఇచ్చాను. గోడకు ఆనించిన తుపాకిని చూస్తూనే ఇచ్చాను. ఎక్కడికి పోతున్నావని అడగాలనిపించింది. అడగలేదు. మా దుకాణంలో ఎవరూ ఎవరినీ అడగరు. ఆయన సంచిని భుజానికెత్తుకుని చేను తొవ్వ పట్టాడు.

తెల్లారి, ఇంకా మసక ఉండగానే, చప్పుడు వినబడింది. పందిని కొట్టారనుకున్నాం, నేనూ రాత్రికి తిరిగొచ్చిన అవ్వా. కాసేపటికి అరుపులు వచ్చాయి.

మా ఊరి ఈదమ్మ తన బర్రెకు గడ్డి కోసుకోవడానికి పర్వతాలు మామ మక్క చేను గట్టు మీద వంగి ఉంది. ఆయన రాత్రంతా మంచె మీదే ఉన్నాడు. సంచిలో మరొక సీసా కూడా పెట్టుకుని పోయాడని తర్వాత తెలిసింది. అది మాది కాదు. కానీ మొదటి రెండూ మావే. ఆకులు కదిలితే పంది అనుకున్నాడు. గుండ్లు ఈదమ్మ కుడి మోకాలిలోకి పోయాయి. అచ్చంపేట నుంచి మహబూబ్‌నగర్ దవాఖానకు తీసుకుపోయారు. ప్రాణం నిలిచింది. మోకాలు వంగడం మాత్రం అంతటితో పోయింది.

పోలీసులు వచ్చి పర్వతాలు మామను, తుపాకిని, దానితోపాటు పెద్దులు తాతను తీసుకుపోయారు. తాత చొక్కా వేసుకుని వస్తానంటే ఆగారు. కొలిమిలో నిప్పు అలాగే ఉంది. మల్లిక దాని మీద నీళ్లు పోసింది. ఆ బుస్సుమనే చప్పుడు వాడకట్టంతా వినబడింది.

మా దుకాణానికి ఎవరూ రాలేదు. పంచనామాలో తుపాకి రాశారు, గుండ్లు రాశారు, తాత పేరు, వాళ్ల నాయిన పేరు రాశారు. సీసా సంగతి ఏ కాగితం మీదా లేదు. నా నోటుపుస్తకంలో తప్ప.

అవ్వకు ఆ పొద్దే తెలిసిపోయింది. గోనెసంచి ఎత్తి సీసాలు చూసుకుని నా దిక్కు తిరిగింది. నేను చెప్పాను. ఆమె సంచిని మళ్లీ కప్పి గోలెం మీద చెయ్యి పెట్టుకుంది. తర్వాత నాకు, తనకు కలిపి చెప్పుకున్నట్టు చెప్పింది. సీసా ఎవరినీ కాల్చదట. సీసా మీద సర్కారు ముద్ర ఉందట, సర్కారే అమ్మేదాన్ని మనం ఒక మూల అమ్మితే తప్పెట్లా అవుతుందట. తుపాకి అట్లా కాదట, అది చేసిందే చంపడానికట. పందుల్ని చంపడానికి అన్నాను నేను. మనిషైనా పందైనా చంపడానికే కదా అంది. మన సీసా తాగి ఊళ్లో ఎందరు ఇంటికి పోయి పండుకోవడం లేదు అంది. అది నిజమే. ఆమె చెప్పినదాంట్లో ఏదీ అబద్ధం కాదు.

చివరికి, "నోరు తెరిస్తే దుకాణం పోతది, బిడ్డా. దుకాణం పోతే నీ సదువు పోతది. నార్కట్‌పల్లికి పోయి నువ్వు గూడ గిన్నెలు తోముతవా?" అంది.

తాత బెయిలు మీద వచ్చేసరికి ఊరు మాట మార్చుకుంది. పర్వతాలు మామ పోలీసులకు ఏం చెప్పాడంటే, తను మధ్యాహ్నం నుంచే తాగి ఉన్నానని, ఆ మైకంలో ఉన్నవాడికి పెద్దులు తుపాకి చేతికిచ్చి పంపాడని. అలా చెబితే తన మీద బరువు తగ్గుతుందని ఎవరో చెప్పారట. అంతకుముందు తిత్తి పద్ధతిని మెచ్చుకున్నవాళ్లే, అదంతా నాటకం, అమ్ముకోవడానికి ఎవడైతే ఏంది అనడం మొదలుపెట్టారు. కర్రులు, కొడవళ్లు పక్క ఊరికి తీసుకుపోయారు. కొలిమి ఉన్నది పంచాయతీ జాగాలో. అక్కడి నుంచి దాన్ని ఎత్తేయించాలని ఈదమ్మ మరిది పట్టుబట్టాడు. ఆదివారం పొద్దున పంచాయతీ ఆఫీసు ముందు కూర్చుని తేల్చుకుందామని సర్పంచు ఐలేశం కబురు పంపాడు.

శనివారం బోరింగు దగ్గర మల్లిక కనబడింది. తాతను తీసుకుపోయినప్పటి నుంచి బడికి రావడం లేదు. బిందె నిండినా ఎత్తుకోకుండా నిలబడి, నా కండ్లలోకి చూసి అడిగింది.

"మా తాత వాసన సూడకుంట ఇచ్చిండని అంటున్నరు. నువ్వు గూడ నమ్ముతున్నవా?"

నేను బిందె నిండి పొర్లుతోందని చెయ్యి చూపించాను. ఆమె బిందె ఎత్తుకుని పోయింది. చింతగింజలు పంచుకున్న పిల్ల, నా వాటా ఎప్పుడూ పొట్టు తీసి ఇచ్చిన పిల్ల, ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

ఆదివారం నోటుపుస్తకం చున్నీ కింద పెట్టుకుని అవ్వ వెనకాల పోయాను. ఆఫీసు అరుగు మీద పెద్దవాళ్లు, కింద మిగతావాళ్లు కూర్చున్నారు. ఈదమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, కాలు ఒక స్టూలు మీద చాపించారు. పెద్దులు తాత గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు. ఒక్కొక్కరు మాట్లాడారు. తుపాకులు అమ్మేవాడు ఊళ్లో ఉంటే పిల్లల్ని బయటికెట్లా పంపాలని ఒకరన్నారు. ఆ తుపాకుల్లో ఒకటి తన గడ్డివాములో ఉన్న మనిషే ఆ మాట అన్నాడు. తాత ఒకే సంగతి చెప్పాడు. పర్వతాలు కర్రు ఎర్రబడేదాకా తిత్తి ఊదాడని, వాసన లేదని. సాక్ష్యం ఉందా అని ఐలేశం అడిగాడు. లేదని తాత తల ఊపాడు. మల్లిక అప్పుడు బడి నుంచి అటే ట్యూషన్‌కు పోయింది.

నేను లేచాను. అరుగు దగ్గరికి పోయి, ఆ పేజీ తీసి, పుస్తకాన్ని ఐలేశం చేతిలో పెట్టాను. ఆయన కండ్లద్దాలు సర్దుకుని, మనసులో చదువుకుంటాడనుకుంటే, పేజీ మొదటి నుంచి పైకి చదవడం మొదలుపెట్టాడు.

లెక్కల సారుకు ముక్కులో వెంట్రుకలు కత్తిరించుకోవాలని ఎవరూ చెప్పరని రాశాను. అది చదివాడు. మల్లిక కొత్త రిబ్బను బాగుంది, నాకు అలాంటిది కావాలని ఉంది, అడగను అని రాశాను. అదీ చదివాడు. జనం నవ్వారు. నేను నేలకేసి చూస్తూ నిలబడ్డాను. ఆ తర్వాత ఆయన గొంతు నెమ్మదయింది.

"పర్వతాలు మామ కొలిమి నుంచి వచ్చాడు. చేతులు నల్లగా ఉన్నాయి, నా పేజీ పాడైంది. వాసన లేదు. తుపాకి గోడకు పెట్టాడు. ఒక క్వార్టర్ ఇచ్చాను. ఇంకొకటి ఇచ్చాను. ఎక్కడికి పోతున్నావని అడగలేదు."

ఎవరూ నవ్వలేదు. ఐలేశం పుస్తకం తిప్పి నల్లటి వేళ్ల గుర్తులను అందరికీ చూపించాడు. జనం ఒక్కొక్కరుగా మా అవ్వ దిక్కు తిరిగారు.

నేను అవ్వను చూడలేకపోయాను. ఆమె కొంగు దులుపుకుని లేవడం మాత్రం వినబడింది. నన్ను కొడుతుందనుకున్నాను. నా పక్కకు వచ్చి నిలబడి, నా భుజం పట్టుకుని కొంచెం వెనక్కి జరిపింది.

"దుకాణం నాది. పోరిది కాదు. అడగొద్దని నేర్పింది గూడ నేనే" అంది.

కొందరు లేచారు, కొలిమి కాదు ముందు బెల్టు షాపు ఎత్తేయాలన్నారు. అంతవరకు కొలిమి మీద పడినవాళ్లే. అప్పుడు పెద్దులు తాత గోడను వదిలి ముందుకు వచ్చాడు. ఆయన మొహంలో గెలిచినట్టు ఏమీ లేదు.

"ఆగుండ్రి. చెల్లె అమ్మింది తాగెటందుకు, నేను అమ్మింది కాల్చెటందుకు. వాని నోరు సూసిన గని, తొవ్వ సూడలే. నా కొలిమికి, వాని చేనుకు నడుమ సుక్కమ్మ దుకాణం ఉన్నదని నాకు ఎరుక లేదా? రోజు కండ్లకు కొడతది. తిత్తి ఊదిచ్చిన, నా పని అయిపోయింది అనుకున్న."

అవ్వ ఆయన మొహం చూసింది. "అన్నా, నువ్వన్న అడిగి ఇచ్చినవ్" అంది.

వాళ్లిద్దరూ ఇలా ఎవరికి వారు తప్పు తమ వైపు లాక్కుంటుంటే కొంతమంది ఆడవాళ్లు కండ్లు తుడుచుకున్నారు. ఈదమ్మ తుడుచుకోలేదు. అప్పటిదాకా ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు.

"మంచిగ పంచుకున్నరు" అంది. "గీ కాలు నొప్పిల గూడ జర పాలు పంచుకోండ్రి. రాత్రిపూట మస్తు లేస్తది."

చివరికి కొలిమి ఉంటుందని, తుపాకి మాట ఆ కొలిమిలో ఇక వినబడకూడదని, దుకాణంలో సీసా ఉండకూడదని రాసి సంతకాలు చేశారు. ఈదమ్మ కోలుకునేదాకా ఆమె బర్రెకు గడ్డి రెండు ఇండ్ల నుంచి పోవాలన్నారు. పొద్దున మేము, సాయంత్రం తాత వాళ్లు. ఆ ఒక్కటే ఈదమ్మ అడిగింది.

ఇంటికి పోయే తొవ్వలో అవ్వ నాతో మాట్లాడలేదు. మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు నా జడ వేస్తూ, "లెక్కల సారు ముక్కు గట్లనే ఉంటదా?" అని అడిగింది. అవునన్నాను. ఆమె నవ్వుతుంటే జడ వదులైపోయింది. మళ్లీ వేసింది.

ఇప్పుడు నేను ఇంటర్ మొదటి సంవత్సరం. చదువు పోలేదు, ఆగి ఆగి సాగుతోంది. అవ్వ పల్లీలు వేయించి పొట్లాలు కట్టి బస్సుల దగ్గరికి పంపుతుంది. ఊరి ఆ కొసన వేరే వాళ్లు బెల్టు షాపు పెట్టారు, అక్కడా ఎవరూ ఎవరినీ అడగరు. పర్వతాలు మామ, పెద్దులు తాత కోర్టు పేశీలకు ఒకే బస్సులో పోయి ఒకే బస్సులో వస్తారు. మొదట్లో వేరే వేరే సీట్లలో కూర్చునేవాళ్లు. మా అవ్వకు పేశీ లేదు. బస్సు పోతుంటే బయటికి వచ్చి నిలబడుతుంది.

మల్లిక మహబూబ్‌నగర్‌లో హాస్టల్‌లో ఉంది. ఆ ఆదివారం సాయంత్రం ఆమె మా ఇంటికి వచ్చి, నా చేతిలో తన కొత్త రిబ్బను పెట్టి పోయింది. నా దగ్గర ఇంకా ఉంది, రంగు వెలిసింది.

ఆ ఏడాది చలికాలంలో ఈదమ్మ కట్టె పట్టుకుని నడవడం మొదలుపెట్టింది. కట్టె కొన అరిగిపోతుందని తాత దానికి ఇనుప పొన్ను చేస్తానన్నాడు. నన్ను పిలిచి తిత్తి దగ్గర కూర్చోబెట్టాడు. నేను ఎప్పుడూ చూడటమే, ఊదింది లేదు. కాసేపటికే చేతులు లాగాయి, చెమట పట్టింది. ఇనుము ఎర్రబడేదాకా ఆపనివ్వలేదు. అది దానిమ్మ పువ్వు రంగుకు వచ్చాక తీసి, కొట్టి, కట్టెకు దిగేసి, నీళ్లలో ముంచాడు. అరుగు మీద ఈదమ్మ కాలు చాపుకుని మాకేసి చూస్తూ కూర్చుంది. నిప్పుల అంచున చిన్న గుంట ఉంది. అందులో గింజలు లేవు.

ఆమె మా ఇంటి ముందు నుంచే చేనుకు పోతుంది. రాళ్ల మీద ఆ ఇనుము టక్ టక్ మని దూరం నుంచే వినబడుతుంది. పల్లీలు వేయిస్తున్న అవ్వ గరిటె ఆపి, బయటికి వచ్చి, "ఎటు పోతున్నవ్, ఈదమ్మా?" అని అడుగుతుంది. ఎటు పోతుందో తెలిసినా అడుగుతుంది.

"గడ్డికే" అంటుంది ఈదమ్మ, ఆగకుండా.

లోపల పెనంలో పల్లీలు మాడుతున్న వాసన వస్తుంటే నేను పోయి కలుపుతాను.